బల్లి పలకని ఇంట్లో కూజా మొక్క

ఆ ఇంట్లో ఏ ప్రాణీ చావకూడదు. అది ఇంటి పెద్దావిడ పెట్టిన నియమం.

పురుగులు వచ్చి మంటలో పడకుండా దీపాలకు పల్చటి మల్లుగుడ్డ తెరలు కట్టించింది. కిటికీలకు తెరలు, తలుపులకు తెరలు. చీమలు గడప దాటి రాకుండా వీధరుగు మీదే వాటికి చక్కెర పోయించేది. దారి తప్పి లోపలికి వచ్చిన చీమను నెమలీకతో నెమ్మదిగా తోసుకుంటూ వెళ్ళి బయట వదిలేవారు. దోమ కుడితే గోక్కోవచ్చు గాని కొట్టకూడదు. ఈ చివరి నియమం పడలేకే ఆవిడ కొడుకు వ్యాపారమని ఊళ్ళు పట్టుకు తిరుగుతాడని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టినవాళ్ళు దాన్ని దయగల ఇల్లు అనేవారు.

పెద్దావిడకు ఆ పేరంటే మోజు లేదని చెప్పలేం. కానీ నియమం పుట్టింది పేరు కోసం కాదు, భయంతో. కొడుకు పసివాడుగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి కళ్ళు తేలేశాడు. వాణ్ణి ఒళ్ళో వేసుకుని, "నా బిడ్డ దక్కితే నా ఇంట్లో ఏ ప్రాణినీ చావనివ్వను" అని మొక్కుకుంది. తెల్లారేసరికి బిడ్డ గంజి అడిగాడు. ఆ రోజునుంచి ఆవిడ మనసులో ఒక ముడి పడిపోయింది. ఇంట్లో చీమ చస్తే కొడుక్కి ఏదో అవుతుంది. కొడుక్కి మీసాలొచ్చాయి, పెళ్ళయింది, చిన్న బొజ్జ కూడా వచ్చింది. ముడి మాత్రం వీడలేదు.

ఆవిడకు ఒక చెల్లెలు. కొండల మీద అడవి అంచున కాపురం చేసింది. భర్త పోయాక ఒంటరిదయి, ఒక వేసవి చివర యాత్రలకు బయలుదేరుతూ అక్క ఇంటికి వచ్చింది. చేతిలో ఒక కుండీ ఉంది. అందులోని మొక్క లాంటిది ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆకు పొడుగ్గా సాగి, చివర తీగలా సన్నబడి, ఆ తీగ చివర ఒక కూజా వేలాడుతోంది. ప్రతి కూజాలోనూ కాసిని నీళ్ళు, పైన ఒక చిన్న మూత.

"మీ మరిది నాటింది. ఆయన చేత్తో పెట్టినది నాకు ఇదొక్కటే మిగిలిందక్కా. నేనొచ్చేదాకా దీన్ని బతికించు" అంది చెల్లెలు.

"నా ఇంట్లో చచ్చేదంటూ ఏదీ ఉండదు. నిశ్చింతగా వెళ్ళిరా. దీనికి ఏం పెట్టాలి?"

చెల్లెలు కొంచెం తటపటాయించింది. అక్క మొక్కు సంగతి ఆవిడకు తెలుసు. "వాననీళ్ళు పొయ్యి. మిగతాది అదే చూసుకుంటుంది" అంది. అని బండెక్కింది.

పెద్దావిడ కుండీని వసారాలో పెట్టించింది. గుండిగల్లో వాననీళ్ళు పట్టి ఉంచి, తన చేత్తోనే పోసేది. వచ్చినవాళ్ళు కూజాలను చూసి ముచ్చటపడేవారు. దేవుడు తీరిక ఉన్నప్పుడు చేసిన మొక్క అనేవారు.

ఒకరోజు వీధరుగు మీది చక్కెర తిన్న చీమ ఒకటి కూజా అంచు మీదికి ఎక్కింది. అంచు చుట్టూ ఒకసారి తిరిగింది. జారింది. పెద్దావిడ నెమలీక కోసం లోపలికి పరిగెత్తి వచ్చేసరికి అది నీళ్ళలో తేలుతూ కాళ్ళు కదపడం మానేసింది. ఆవిడ దీపం తెప్పించి కూజా అడుక్కి తొంగి చూసింది. అక్కడ కాళ్ళు, రెక్కలు, ఇంకా ఏవేవో నల్లటి ముక్కలు పేరుకుని ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం ఇంట్లో పొయ్యి వెలగలేదు. కొడుకు ఏ ఊళ్ళో ఉన్నాడో కనుక్కుని అక్కడికి మనిషిని పంపింది. ఒంట్లో బాగానే ఉందని కబురొచ్చాక గాని మెతుకు ముట్టలేదు.

మొక్కను పారేయడానికి లేదు, అది చెల్లెలి ప్రాణం. ఉంచుకోడానికీ లేదు, అది కొడుకు ప్రాణం. పెద్దావిడ బాగా ఆలోచించి మూడో దారి కనిపెట్టింది. "పుట్టుకతో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. మంచి తిండి పెడితే మంచి బుద్ధి అదే వస్తుంది" అంది. కుండీని నడింటి గదిలో పెద్ద బీరువా మీదికి మార్పించి, ఈగ కూడా దూరకుండా చుట్టూ తెర కట్టించింది. కొడుక్కి పసితనంలో ఉగ్గు పట్టిన గిన్నె ఇంకా దాచి ఉంది. దానితో రోజూ ఒక్కో కూజాలో పల్చటి పాయసం పోయడం మొదలుపెట్టింది. ఏకాదశి నాడు మాత్రం పాలు.

ఈ సంగతి ఊరంతా పాకింది. హరికథ చెప్పే దాసుగారు తన కథలో ఒక పిట్టకథ చేర్చారు, పులికి గడ్డి అలవాటు చేసిన తల్లి మన ఊళ్ళోనే ఉందని. పెద్దావిడ ముందు వరసలో కూర్చుని తల వంచుకుంది. ముఖం మాత్రం వెలిగిపోయింది.

ఇంట్లో ఇంకో మనిషి ఉంది, కోడలు. తక్కువ మాట్లాడుతుంది, అన్నీ చూస్తుంది. కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇప్పుడు కడుపుతో ఉంది. పుట్టింట్లో తల్లి లేదు కాబట్టి పురుడు ఇక్కడేనని ముందే అనుకున్నారు. వేవిళ్ళ రోజుల్లో ఆ గదిలోకి వెళ్తే పులిసిన వాసనకు కడుపులో తిప్పేది. అందుకని అందరికంటే ముందు ఆ అమ్మాయే కనిపెట్టింది.

"అత్తయ్యా, కూజాలు కుళ్ళిపోతున్నాయండీ."

"మంచి అలవాటు పడేప్పుడు ఒళ్ళు చిక్కుతుందమ్మాయ్. ఉపవాసాలు చేసినదాన్ని, నాకు తెలీదూ?"

కూజాలు ఒక్కొక్కటే నల్లబడి రాలాయి. కొత్త ఆకులు వచ్చాయి గాని వాటి చివర కూజాలు రాలేదు. తీగ సాగడం, చివర ఎండిపోవడం. ఒక్కటే పాత కూజా పచ్చగా మిగిలింది. అది తెర అంచు కిందనుంచి జారి బీరువా వెనక్కి వంగిపోయి ఉండడంతో ఉగ్గుగిన్నె దాన్ని అందుకోలేకపోయింది. ఎండు తీగలన్నీ కూడా ఆ వెనక్కే తిరిగి ఉన్నాయి. అక్కడ గోడకు ఒక చిన్న గవాక్షం ఉంది. సన్నటి వెలుతురు అందులోంచి పడేది.

ఏడాది తిరిగి శ్రావణం వచ్చింది. యాత్రలనుంచి మళ్ళిన ఊరివాళ్ళెవరో కబురు తెచ్చారు. చెల్లెలు కార్తీక దీపాల వేళకు వస్తుందట. మొక్క ఎలా ఉందో చూసి చెప్పమని మరీ మరీ అడిగిందట.

పెద్దావిడ వెళ్ళి కుండీ ముందు నిలబడింది. ఆకులు పచ్చదనం పోయి పాలిపోయాయి. ఉగ్గుగిన్నె చేతిలో ఉంది. పోయడానికి అందే కూజా లేదు. చెల్లెలికి ఏమని చెప్పాలో తెలియక ఆవిడ అక్కడే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"బయటికి తీసుకెళ్దామండీ" అంది కోడలు వెనకనుంచి.

"బయట పెడితే చంపుతుందే."

"లోపల పెడితే చస్తోంది కదండీ. ఇదీ ప్రాణమేగా అత్తయ్యా."

పెద్దావిడ ఉగ్గుగిన్నె కింద పెట్టింది. అన్ని తెరలు కట్టించిన మనిషి, దీన్ని లెక్కలో వేసుకోవడం మర్చిపోయింది.

తీగలు బీరువా వెనక చిక్కుకున్నాయి కాబట్టి కుండీ దించాలంటే ముందు బీరువా జరపాలి. పాలేరును పిలిచారు. పెద్దావిడ కాపురానికి వచ్చిన తర్వాత ఆ బీరువాను ఎవరూ కదిపినట్టు లేదు. కిర్రుమంటూ జరిగింది. వెనక గోడ కనబడింది.

గోడ అడుగున బల్లులు పడి ఉన్నాయి. పెద్దవీ చిన్నవీ, ఒకదాని పక్కన ఒకటి, వడియాల్లా ఎండిపోయి. వాటి మీద దెబ్బ లేదు, గాటు లేదు. డొక్కలు మాత్రం వీపుకు అంటుకుపోయాయి. పెద్దావిడ కూర్చుని ఒకదాన్ని నెమలీకతో కదిపింది. దానికి బరువే లేదు.

"నేను వచ్చినప్పటినుంచీ ఈ ఇంట్లో బల్లి పలకడం వినలేదండీ. ఎందుకా అనుకునేదాన్ని" అంది కోడలు. "మా ఇంట్లో మాటకొకసారి పలికేది. ఎవరైనా ఏదైనా అన్నాక అది పలికితే ఆ మాట నిజమేనని మా నాయనమ్మ వేలితో నేలమీద కొట్టి, సత్యం, అనేది."

పెద్దావిడ బల్లులను చూసింది. తలెత్తి దీపానికి కట్టిన తెరను చూసింది. పురుగు రాని దీపం కింద బల్లి ఏం తింటుంది? ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"అయితే ఇన్నేళ్ళూ నా ఇంట్లో చస్తూనే ఉన్నాయన్నమాట."

ఆవిడ చటుక్కున కోడలి వైపు తిరిగింది.

"మరి వాడు?"

"ఎవరండీ?"

"నీ మొగుడు. వాడికి ఎలా ఉంది?"

"ఆయనకేమండీ. చొక్కాలు బిగుతయిపోయాయి, కొత్తవి కుట్టించి ఉంచమని మొన్ననే కబురు పంపారుగా."

పెద్దావిడ కోడలి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఏళ్ళ తరబడి మొక్కు తప్పుతూనే ఉంది. పిల్లవాడు మాత్రం చొక్కాలు చాలనంతగా పెరుగుతూనే ఉన్నాడు. ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. తర్వాత ఏది ఏదో తెలియకుండా రెండూ వచ్చాయి. గుండెల మీదనుంచి రోలు దించినట్టయింది. చచ్చిన బల్లుల ముందు కూర్చుని తేలికపడినందుకు సిగ్గు కూడా వేసింది. అయినా తేలికపడింది. కొడుకు పుట్టిన తర్వాత అంత తేలిక ఆవిడ ఎరగదు.

బరువు దిగిన మనిషి కాళ్ళు ఆగవు. ఆవిడ కుండీ రెండు చేతులా ఎత్తుకుని తెరలన్నీ తోసుకుంటూ పెరట్లోకి వెళ్ళి, నట్టనడుమ పెట్టింది. "ఇక నీ ఇష్టం. తిను, తాగు, ఏమైనా చేసుకో" అంది. వాన వెలిసిన మధ్యాహ్నం అది. ఎండ చురుక్కుమంటోంది.

సాయంత్రం వెళ్ళి చూస్తే పైనున్న ఆకులు కమిలి, అంచులు అప్పడం మాడినట్టు మాడిపోయి ఉన్నాయి. ఏడాదిపాటు గవాక్షం వెలుతురు తప్ప ఎరగని ఆకులు.

ఆవిడ కుండీని వసారాలోకి తెచ్చుకుని గోడకు చేరగిలబడింది. "లోపల పెట్టి సగం చంపాను, బయట పెట్టి మిగతా సగం చంపాను. నా చెల్లెలికి ఏం ముఖం చూపించను?" అంది. కోడలు వచ్చి పక్కన కూర్చుంది. కోడలి కాళ్ళు నీరు పట్టి ఉన్నాయి. పెద్దావిడ ఏదో ఒకటి చేయాలి కాబట్టి ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. అలా రాస్తూ, రోజూ చెప్పేదే మళ్ళీ చెప్పసాగింది. బాలింతలకు పథ్యం పెట్టడంలోనూ, వాళ్ళను జాగ్రత్తగా బయటికి తేవడంలోనూ ఆవిడది ఆ వీధిలో అందె వేసిన చెయ్యి.

"పురుడయ్యాక ఎండ తగిలిందో, గాలి తగిలిందో, ఊరుకోను. చెవుల్లో దూది పెట్టాలి. తలకి గుడ్డ కట్టాలి. ముందు గడపదాకా వచ్చి కాసేపు కూర్చోవాలి. నాలుగు రోజులు పోయాక వసారా. ఆ తర్వాత నీరెండలో పెరటి గుమ్మం. పొద్దెక్కేలోపు మళ్ళీ లోపలికి. తొందరపడితే జన్మంతా బాధే."

"మరి దీనికో అత్తయ్యా?" అంది కోడలు.

పెద్దావిడ చెయ్యి ఆగింది. వాడిపోయిన మొక్కను చూసింది. ఎంతమంది బాలింతలను బయటికి తెచ్చిన చెయ్యి అది. దీన్ని మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టింది.

మర్నాటినుంచి మొక్క బాలింత అయింది. మాడిన ఆకులు, కుళ్ళిన తొడిమలు తీసేశారు. పాయసం జిడ్డు వాననీళ్ళతో కడిగారు. పెద్దావిడ పెరుగు కుండ పెట్టుకునే ఉట్టిని దించి అందులో కుండీ పెట్టింది. వసారాలో వాసానికి వేలాడదీసింది. ఒక్కటే మిగిలిన కూజా లోపలి నీళ్ళు మోసేటప్పుడు ఒలికిపోకుండా దాని నోట్లో దూది పెట్టింది, దించాక తీసేసింది. చెవిలో దూదిలాగే ఉందని కోడలు నవ్వింది.

ఎండకు అడ్డంగా పల్చటి గుడ్డ కావలసి వచ్చింది. ఇంట్లో అంత పల్చటి గుడ్డ ఒక్కటే, దీపం తెర. పెద్దావిడ బల్ల ఎక్కి వసారా దీపానికున్న తెర విప్పి ఉట్టి మీద కప్పింది. తాత్కాలికమే అంది.

మొక్క కొన్నాళ్ళు వసారా లోపలి వాసానికి ఉంది. తర్వాత చూరు అంచుకు జరిగింది. తర్వాత చిక్కుడు పందిరి కిందికి. అక్కడ నీరెండ చిల్లులు చిల్లులుగా పడుతుంది. పొద్దు ఎక్కగానే మళ్ళీ లోపలికి. ఈదురుగాలి లేస్తే పెద్దావిడ తింటున్న అన్నం దగ్గరనుంచి లేచి వెళ్ళేది. తుంపర పడితే మాత్రం తడవనిచ్చేది. ఒక ఆకు ఎర్రబడితే ఒక వాసం వెనక్కి వచ్చేవారు. "తొందరేం లేదు" అనేది మొక్కతో. ఆవిడ అంత నిదానంగా ఏ పనీ చేయగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఆశ్వయుజంలో కోడలు ప్రసవించింది. ఆడపిల్ల. అదే వారం పందిరి కింద కొత్త ఆకు చివర శనగగింజంత బుడిపె కనిపించింది. పెద్దావిడ రెండు పురుళ్ళూ చూసుకుంది. బుడిపె సాగింది, ఉబ్బింది, కూజా అయింది. దాని మూత ఇంకా అతుక్కునే ఉంది.

కోడలు చెవుల్లో దూదితో మొదటిసారి వసారాలోకి వచ్చి కూర్చున్న పొద్దున, ఆ మూత తెరుచుకుంది.

ఇద్దరూ చూస్తూ ఉన్నారు. ఎక్కడినుంచో ఒక ఈగ వచ్చింది. మూత మీద వాలి, అంచు మీదికి నడిచింది. పెద్దావిడ చేతిలో నెమలీక ఉంది, అలవాటుగా అది పైకి లేచింది. కూజా గులాబిరంగు తిరిగి నిగనిగలాడుతోంది. ఆవిడ నెమలీకను ఒళ్ళో పెట్టుకుంది. ఈగ జారింది. ఆవిడ కళ్ళు మూసుకోలేదు. ఈగ కోసం మనసు చివుక్కుమంది, మొక్క కోసం హాయిగా అనిపించింది. ఆ రెండూ ఒకే గుండెలో పట్టడం చూసి ఆవిడే ఆశ్చర్యపోయింది.

కార్తీకంలో చెల్లెలు వచ్చింది. కాళ్ళయినా కడుక్కోకుండా పెరట్లోకి నడిచింది. మొక్క పందిరి దాటి, ఆరుబయట, పొద్దుటి ఎండలో ఉట్టి మీద ఊగుతోంది. తెర లేదు. వరసగా కూజాలు వేలాడుతున్నాయి. చెల్లెలు దగ్గరికి వెళ్ళి ఒక కూజాను అరచేతిలో పట్టుకుని, భర్త చెయ్యి పట్టుకున్నట్టు కాసేపు అలాగే నిలబడింది.

"ఏం పెట్టావక్కా దీనికి?"

"పాయసం" అంది పెద్దావిడ.

చెల్లెలు వెనక్కి తిరిగి అక్క ముఖం చూసి, అది వేళాకోళం కాదని తెలిసి, పందిరి గుంజ పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"నవ్వుతావేం? చంపుతుందని నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే గడప దాటనిచ్చేదానివా? మిగతాది అదే చూసుకుంటుందని చెప్పాను కదక్కా."

"చెప్పావు. నేనే చూసుకోనివ్వలేదు."

ఆ సాయంత్రం వసారాలో దీపం పెట్టారు. శ్రావణంలో తెర విప్పినప్పటినుంచీ ఆ దీపం తెర లేకుండానే వెలుగుతోంది. చుట్టూ రెక్కల పురుగులు తిరుగుతున్నాయి. కోడలు పసిబిడ్డను చాప మీద పడుకోబెట్టి, లోపలినుంచి ఉతికి మడత పెట్టిన మల్లుగుడ్డ తెచ్చింది.

"మొక్కకి దీనితో పని తీరిపోయిందండీ. మళ్ళీ దీపానికి కట్టమంటారా?"

పెద్దావిడ గుడ్డ అందుకుని బుగ్గకు ఆనించి చూసుకుంది. ఎండకు ఎండి, వానకు నాని దూదిలా మెత్తబడింది. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలువునా చింపింది.

"పొత్తిళ్ళకి బావుంటుంది" అంది.

చెల్లెలు నెమ్మదిగా అడిగింది. "మరి నీ మొక్కు సంగతేమిటక్కా?"

చింపిన గుడ్డ ఒకటి పెద్దావిడ బిడ్డ కింద పరిచింది, ఇంకొకటి ఒళ్ళో మడత పెట్టుకుంది.

"చావనివ్వనని మొక్కుకున్నానే. బతకనివ్వనని మొక్కుకోలేదు కదా."

దీపం వెనక గోడ మీద ఏదో కదిలింది. రెక్కల పురుగు ఒకటి వెలుగులోంచి మాయమైంది. కాసేపటికి సన్నటి రెక్క ఒకటి తేలుతూ వచ్చి పెద్దావిడ ఒళ్ళో తెల్లగుడ్డ మీద పడింది. ఆవిడ దాన్ని దులపలేదు, చూస్తూ కూర్చుంది.

అప్పుడు బల్లి పలికింది.

బిడ్డ నిద్రలో పెదవులు కదిపింది. పెద్దావిడ చాప పక్కన నేలమీద వేలితో మెల్లిగా కొట్టి, "సత్యం" అంది.